ఒత్తిడి ఒకటే, మెదడులో జాడలు రెండు

కుంగుబాటుకు వాడే ఫ్లూయాక్సెటిన్ వంటి మాత్ర మింగిన కొద్ది గంటల్లోనే మెదడులో పని మొదలుపెడుతుంది. ఒక నాడీకణం విడుదల చేసిన సెరటోనిన్‌ను అదే కణం తిరిగి లోపలికి లాక్కోకుండా అడ్డుపడుతుంది. అయినా మనిషికి తేలికపడడానికి రెండు వారాలు, నాలుగు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతోంది. సెరటోనిన్ తగ్గడమే జబ్బు, దాన్ని పెంచడమే వైద్యం అనే లెక్క సరైనదైతే గుణం ఆ రోజో మర్నాడో కనిపించాలి. అలా కనిపించడం లేదంటే ఆ లెక్కలోనే ఏదో లోపం ఉంది. దీర్ఘకాలపు ఒత్తిడి నాడీకణాల ఆకారాన్నే మారుస్తుందనీ, ఆ మార్పు సర్దుకోవడానికి పట్టే కాలమే ఈ ఆలస్యంలో పెద్ద భాగమనీ నా వాదన. దీనికి ఆధారం చాలావరకు ఎలుకల నుంచి వచ్చింది. అందుకే ఎలుకల సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా ఇక్కడే తేల్చుకోవాలి.

ఒత్తిడి హార్మోన్లు మెదడులో ఎక్కడ పనిచేస్తాయన్న ప్రశ్నకు 1968లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం నుంచి ఒక స్పష్టమైన జవాబు వచ్చింది. బ్రూస్ మెకీవెన్ బృందం రేడియోధార్మిక కార్టికోస్టెరోన్‌ను ఎలుకలకు ఎక్కించి చూస్తే, అది జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో ఎక్కువగా పేరుకుంది. 1990ల మొదట్లో ఇదే ప్రయోగశాల ఇంకో అడుగు వేసింది. రోజుకు ఆరు గంటల చొప్పున మూడు వారాలు ఎలుకలను కదలనివ్వకుండా ఉంచితే, హిప్పోక్యాంపస్‌లోని ఒక రకం కణాల శాఖలు, అంటే డెండ్రైట్లు, పొట్టివై పలచబడ్డాయి. ఒత్తిడి మెదడును కుదించేస్తుందన్న మాట అప్పటి నుంచి బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆ మాట సగమే నిజమని చూపించినది బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో సుమంత్ర ఛటర్జీ బృందం చేసిన పని. 2002లో వెలువడిన ఆ అధ్యయనంలో ఎలుకలను రోజుకు రెండు గంటలు, పది రోజుల పాటు కదలకుండా కట్టడి చేశారు. హిప్పోక్యాంపస్ కణాల శాఖలు కుదించుకుపోయాయి. భయాన్ని, ఆందోళనను నడిపించే అమిగ్డలాలోని కణాల శాఖలు మాత్రం పెరిగి విస్తరించాయి. ఒత్తిడి ఒకటే, రక్తంలో హార్మోన్ కూడా ఒకటే, ఫలితం మాత్రం ఒకచోట కోత, ఇంకొకచోట పెరుగుదల.

ఈ రంగంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే ఫలితం దీని తర్వాత వచ్చింది. ఒత్తిడి ఆపేసి ఎలుకలకు 21 రోజులు విశ్రాంతి ఇచ్చి చూస్తే హిప్పోక్యాంపస్ శాఖలు మళ్లీ మామూలు స్థితికి వచ్చాయి. అమిగ్డలాలో పెరిగినవి మాత్రం పెరిగినట్టే ఉన్నాయి, ఎలుకల ఆందోళన కూడా తగ్గలేదు. కష్టం తీరిపోయినా గుండెదడ, బెదురు వదలని మనుషులు మనకు తెలుసు. వారిలో జరిగేది అచ్చంగా ఇదేనని చెప్పలేను కానీ, అది మనోబలం లేకపోవడం వల్ల కాదనడానికి ఇదొక మంచి కారణం. 2005లో ఛటర్జీ బృందం మరో సంగతి చూపింది. ఒక్కసారి, రెండు గంటల పాటు మాత్రమే ఒత్తిడికి గురిచేసిన ఎలుకల అమిగ్డలాలో మర్నాడు ఏ మార్పూ లేదు. పది రోజుల తర్వాత చూస్తే కణశాఖల మీద సంధిస్థానాలుగా పనిచేసే సన్నని ముళ్లు ఎక్కువయ్యాయి, ఆందోళన కూడా పెరిగింది. హాని తానే పది రోజులు తీసుకుని రూపం దిద్దుకుంటుంటే, బాగుపడడానికి వారాలు పట్టడంలో వింత లేదు.

మందుల వైపు నుంచి చూసినా ఇదే దారి కనిపిస్తుంది. సెరటోనిన్ తిరిగి కణంలోకి పోకుండా అడ్డుకునే మందులకు భిన్నంగా పనిచేసే టియానెప్టిన్ కూడా ఒత్తిడికి గురైన ఎలుకల హిప్పోక్యాంపస్ శాఖలను కాపాడిందని మెకీవెన్ బృందం చూపింది. 2000లో యేల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ డ్యూమన్ సహచరులు యాంటీడిప్రెసెంట్లు వారాల తరబడి ఇచ్చిన ఎలుకల హిప్పోక్యాంపస్‌లో కొత్త కణాల పుట్టుక పెరగడం గమనించారు. కొద్ది రోజులే ఇస్తే పెరగలేదు. ఇక్కడ కెటమిన్ అనే మందు నా వాదనకు అడ్డం వస్తుందనిపించవచ్చు. అది రోగులకు గంటల్లోనే ఊరట ఇస్తుంది కదా! కాన్నర్ లిస్టన్ బృందం 2019లో చుంచెలుకల మీద చేసిన పని దీనికి జవాబు. ప్రవర్తనలో మెరుగు ముందు వచ్చింది, ఒత్తిడి వల్ల పోయిన ముళ్లు ఆ తర్వాత మొలిచాయి. కానీ అలా మొలిచిన ముళ్లను తొలగిస్తే మెరుగు నిలవలేదు. కాబట్టి నా మాటను కొంచెం సవరించుకోవాలి: ఊరట మొదలవడానికి నిర్మాణం మారనక్కరలేకపోవచ్చు, అది నిలవడానికి మాత్రం మారాలి.

ఎలుకకు దిగులు ఉంటుందా అన్న ఆక్షేపణ బలమైనది. అపరాధ భావం, ఆత్మహత్య ఆలోచన, భవిష్యత్తు మీద నిరాశ ఎలుకలో కొలవలేం. 1977లో పోర్సాల్ట్ ప్రవేశపెట్టిన ఈత పరీక్షలో ఎలుకను తప్పించుకోలేని నీటి తొట్టిలో వేసి, ఎప్పుడు కాళ్లాడించడం మానుతుందో చూస్తారు. మానడాన్ని నిరాశ అన్నారు. శక్తి ఆదా చేసుకోవడం నేర్చుకుందని కూడా అనవచ్చు. పైగా ఆ పరీక్షలో మందు ఒక రోజులోపు ఇచ్చిన రెండు మూడు మోతాదులకే పనిచేసినట్టు కనిపిస్తుంది. వారాల ఆలస్యం ఎందుకన్న మన ప్రశ్నకు అది ఏ జవాబూ ఇవ్వలేదు. అలవాటుగా ఆ పరీక్షను ఇంకా వాడడం ఆ ప్రాణులను ఫలితం లేకుండా బాధించడమేనని నా నిశ్చితాభిప్రాయం. అయితే నేను ఆధారపడుతున్నది ఎలుక మనసు మీద కాదు, కణాల కొలతల మీద. శాఖ ఎంత పొడవుందో, ముళ్లు ఎన్ని ఉన్నాయో చెప్పడానికి ఎలుక దిగులును ఊహించనక్కరలేదు. కుంగుబాటు ఉన్నవారిలో హిప్పోక్యాంపస్ సగటున కొంచెం చిన్నదిగా ఉంటుందని ఎమ్మారై అధ్యయనాలు చెబుతున్నాయి. కొత్త కణాల సంగతి వేరు. పెద్దవారి మెదడులో అవి పుడతాయా లేదా అన్నదాని మీద 2018లో వచ్చిన రెండు అధ్యయనాలు పూర్తిగా ఎదురెదురుగా నిలిచాయి. ఆ భాగం కూలిపోయినా శాఖల సాక్ష్యం నిలుస్తుంది. ఇంకో లోటును మాత్రం కొట్టిపారేయలేం. కుంగుబాటు స్త్రీలలో దాదాపు రెట్టింపు, ప్రయోగాలు మాత్రం చాలా ఏళ్లు ఎక్కువగా మగ ఎలుకల మీదే జరిగాయి.

సెరటోనిన్ లోపమే కుంగుబాటుకు కారణమన్నదానికి గట్టి ఆధారం లేదని 2022లో ఒక సమీక్ష వచ్చినప్పుడు, అయితే మాత్రలు దండగేనని చాలామంది అనుకున్నారు. కారణం గురించిన ఊహ తప్పైనంత మాత్రాన మందు పనిచేయదని కాదు. 2018లో లాన్సెట్ ప్రచురించిన విశ్లేషణలో 522 ప్రయోగాలను కలిపి చూస్తే, పరీక్షించిన 21 మందులూ ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగనే తేలింది, మెరుగు ఓ మోస్తరే అయినా. మన దేశంలో 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం కుంగుబాటు ఉన్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్సే అందడం లేదు. అందిన కొద్దిమందికీ మొదటి వారంలో ఎదురయ్యేది వికారం, నిద్ర పాడవడం. ఊరట ఆ తర్వాతెప్పుడో. మాత్ర పనిచేయడం లేదనుకుని మానేసేది సరిగ్గా ఈ వ్యవధిలోనే. ఈ ఆలస్యం ఎందుకో చీటీ రాసేటప్పుడే రెండు నిమిషాలు విడమరిచి చెప్పడానికి డాక్టరుకు ఖర్చేమీ కాదు. ఇక పరిశోధన వైపు, హిప్పోక్యాంపస్‌ను చక్కదిద్దే మందులు వెతికినంత పట్టుదలగా, విశ్రాంతికి కూడా లొంగని అమిగ్డలా పెరుగుదలను వెనక్కి తిప్పేదేమిటో వెతకాలి. ఆందోళన కలగలిసిన కుంగుబాటు మామూలు మందులకు అంత తేలిగ్గా లొంగకపోవడానికి కారణాన్ని నేనైతే ముందు అక్కడే వెతుకుతాను.