ఇసుక తొట్టె మానిన పిల్లి

పిల్లికి గల శుభ్రత అందరును ఎరిగినదే. నేలను గోకి, గుంట చేసి, పని ముగిసినంతనే మట్టి కప్పి, ఒకసారి వాసన చూచి వెడలిపోవును. అట్టి పిల్లి ఒకనాడు తన కొరకు ఉంచిన ఇసుక తొట్టెను విడిచి, పరుపు మీదనో స్నానపు గది బండల మీదనో మూత్రము విడిచినచో ఇంటివారికి కోపము వచ్చుట సహజము. అయితే ఆ కోపమునకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనవలెను: ఇది అలుకా, అనారోగ్యమా?

కర్నూలు నుండి నంద్యాలకు పోవు దారిలోని ఓర్వకల్లులో, నేనెరిగిన ఒక ఇంట, ఈ ప్రశ్న వేయుటకు కొంత ఆలస్యమైనది. పురుటికి వచ్చిన కూతురు పసిబిడ్డతో ఇంట ఉన్నది. ఆ వారముననే ఇంటి గండుపిల్లి తొట్టెను మానినది. "బిడ్డ వచ్చినప్పట్నుంచీ దీనికి అలుక పట్టుకునింది, నాయనా!" అని అవ్వ తీర్పు చెప్పినది. పిల్లిని పెరటిలోనికి తరిమిరి. అక్కడ అది మాటిమాటికి గొంతుకూర్చుని అరచుచుండెను. రెండు చుక్కలైనను రాలేదు. మరునాడు తిండి మానినది, కక్కినది. అప్పుడు గంపలో పెట్టి కర్నూలుకు కొనిపోయిరి. మూత్రనాళము మూసికొనిపోయినదని పశువైద్యుడు కనుగొని, సన్నని గొట్టము ద్వారా మూత్రమును వెలికి తీసెను. మరియొక పూట గడచినచో ప్రాణము దక్కెడిది కాదని ఆయన చెప్పెను.

మగపిల్లికి మూత్రనాళము మిక్కిలి సన్నము. అందులో స్ఫటికములో, జిగురు ముద్దయో అడ్డుపడినచో మూత్రము నిలిచిపోవును. రక్తములో పొటాషియము పెరిగి, ఒకటి రెండు దినములలోనే గుండె ఆగిపోవచ్చును. మాటిమాటికి కూర్చుండుట, చుక్కలు మాత్రమే వచ్చుట, అరచుట, ఆ భాగమును విడువక నాకుట అను గుర్తులు కనిపించినచో ఉదయము వరకు ఆగరాదు. ఇంటిలోని మాత్రలు వేయరాదు. మనకు జ్వరమును తగ్గించు పారాసిటమాల్ ఒక్క మాత్రయైనను పిల్లిని చంపగలదు. "పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము" అందుము గాని, ఇచ్చట ప్రాణసంకటము పిల్లికే.

అవ్వ మాట పూర్తిగా తప్పు కాదు. ఇంటికి క్రొత్తవారు వచ్చుట, సామానులు మారుట వంటి కలవరములే కొన్ని పిల్లులలో మూత్రాశయపు వాపును రేపును. కాని అది పగ కాదు, బాధ. తొట్టెలో కూర్చున్నపుడెల్ల నొప్పి కలిగినచో, ఆ తొట్టెయే నొప్పికి కారణమని పిల్లి తలచి మరియొక చోటు వెదకికొనును. కొట్టినచో కలవరము హెచ్చి, రోగమును హెచ్చును.

నీటి సంగతి మన సీమలో మరింత ముఖ్యము. పెంపుడు పిల్లుల పూర్వులు పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ప్రాంతముల అడవిపిల్లులని జన్యు పరిశోధనలు తెలుపుచున్నవి. ఆ ఎండుభూముల జీవులు వేటాడిన జంతువుల మాంసము నుండియే చాల తేమ పొందెడివి. అందుచే పిల్లికి దాహము తక్కువ. అంగడిలో దొరకు పొడి మేతను మాత్రమే పెట్టినచో, ఓర్వకల్లు బండలు కాగు వేసవిలో దాని మూత్రము చిక్కనగును. తడి ఆహారము పెట్టవలెను. రెండు మూడు చోట్ల, మేతకు దూరముగా, మట్టి మూకుళ్ళలో చల్లని నీరుంచవలెను. ఉప్పు, ఉల్లిపాయ లేకుండ మాంసము ఉడికించిన నీరును మంచిదే.

వైద్యుడు రోగము లేదన్న పిమ్మట తొట్టెను పరీక్షింపవలెను. పూర్వము పొయ్యి బూడిదయో ఇసుకయో వాడెడివారు. 1947లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ఎడ్వర్డ్ లో అను యువకుడు, నూనెను పీల్చు ఒక జాతి బంకమట్టిని పొరుగింటి ఆమె పిల్లికి ఇచ్చుటతో నేటి వ్యాపారము మొదలైనది. ఏది వాడినను సువాసన కలిపినది వలదు. మనకు హాయిగా ఉన్న వాసన పిల్లికి ఘాటు. ప్రతిదినము తీసివేసి శుభ్రము చేయవలెను. తొట్టె పిల్లి పొడవునకు ఒకటిన్నర రెట్లుండవలెను. పిల్లులెన్నియో, వాటికి ఒకటి ఎక్కువగా తొట్టెలుండుట మేలు. ముసలి పిల్లికి అంచు ఎత్తు తక్కువగా ఉండవలెను. కీళ్ళనొప్పితో అది ఎక్కలేకపోవచ్చును.

తోక నిక్కబొడిచి, నిలుచుండి గోడ మీద చిమ్మినచో అది వేరు సంగతి. అది తన సరిహద్దును చాటుకొనుట. పునరుత్పత్తి నిరోధక శస్త్రచికిత్సతో చాల గండుపిల్లులలో ఇది తగ్గును.

మరక విషయమున తొందర పనికిరాదు. మన ఇండ్లలో పరచు బేతంచెర్ల, కడప బండలు సున్నపురాతి జాతివి; నిమ్మరసము, ఆమ్లములు వాటి నునుపును తినివేయును. ఫినాయిల్ పాదములకంటి, నాకినపుడు పిల్లి కడుపులోనికి పోవును; దానిని విరిచివేయు శక్తి పిల్లి కాలేయమునకు చాలదు. మూత్రముపై బ్లీచింగు పొడి చల్లినచో హానికరమైన వాయువులు పుట్టును. తడిని గుడ్డతో అద్ది, సబ్బునీటితో కడిగి, మంచినీరు పోసి ఆరనిచ్చుట చాలును.

ఓర్వకల్లు గండుపిల్లి కోలుకొన్నది. దాని తొట్టెను ఉయ్యాలకు దూరముగా, సందడి లేని వెనుక గదిలో ఉంచినారు. నీటి మూకుళ్ళను ప్రతి ఉదయము నింపునది అవ్వయే.