వేప చేదు

వేప నెరుగని తెలుగువాడు లేడు. ఉగాదినాడు పువ్వు, వేకువను పుల్ల, అమ్మవారు పోసిన యింట మండలు, గాదెలలో ఎండుటాకు - ఇవి తరతరముల వాడుకలు. నిఘంటువులు ఈ చెట్టునకు అరిష్టమను పేరు కూడ చెప్పుచున్నవి. అరిష్టమనగా కీడు లేనిదని యర్థము. కాని లోకవ్యవహారమున ఆ మాటకు కీడనియే యర్థము రూఢమైనది. వేపయెడ ఈ రెండర్థములును నిజమే!

ఈ చేదును మొదట రసాయనశాలలో విడదీసినవాడు సలీముజ్జమాన్ సిద్దీఖీ. ఢిల్లీలో హకీం అజ్మల్ ఖాన్ ప్రోత్సాహమున మూలికలపై కృషిచేసి, సర్పగంధినుండి తీసిన పదార్థమునకు అజ్మలిన్ అని ఆ హకీము పేరే పెట్టిన కృతజ్ఞుడు. ఆయన 1942లో వేపనూనెనుండి నింబిన్, నింబినిన్, నింబిడిన్ అనువానిని వేరుచేసెను. వీనిలో నింబిడిన్ వాపు తగ్గించునని తరువాత జంతువులపై జరిగిన పరీక్షలలో తేలినది.

వేప ఘనత లోకమునకు చాటినవి మాత్రము మిడుతలు. 1959లో సూడానుపై పడిన మిడుతల దండు వేపచెట్లపై వ్రాలియు తినక లేచిపోవుట జర్మన్ శాస్త్రజ్ఞుడు ష్ముటరర్ గమనించెను. 1968లో ఇంగ్లండున బటర్‌వర్త్, మోర్గన్ అనువారు గింజలనుండి అజాడిరాక్టిన్‌ను వేరుపరచిరి. ఇది పూసిన ఆకును మిడుత ముట్టదు. పొట్టలో పడినచో పురుగు కుబుసము విడువజాలక నశించును. దీని అణునిర్మాణము తేలుటకు 1985 వరకు పట్టినది. కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందము 22 సంవత్సరములు శ్రమించి 2007లో దీనిని కృత్రిమముగా నిర్మించినది. మన పెరటిచెట్టు చడిచప్పుడు లేక యేటేట చేయు పని యిది! ఎండకు త్వరగా చెడుట దీని లోపమందురు. పొలమున విషము నిలువకుండుటయు ఆ లోపము చలవయే.

ఇక రెండవ యర్థము. చేదు తిన్న శిశువునకు రోగము రాదని కొన్ని యిండ్లలో వేపనూనె చెంచాతో పట్టుదురు. ఇట్లు త్రాగించిన మలేషియా శిశువులు విషమస్థితికి వచ్చిన వృత్తాంతము 1981లో వైద్యపత్రికల కెక్కినది. త్రాగిన కొన్ని గంటలలోనే వాంతులు, మగత, మూర్ఛలు. పిమ్మట కాలేయము, మెదడు చెడుట. దీనికి విరుగుడు మందు లేదు. లక్షణములను బట్టి చికిత్స చేయుటయే. పుల్లతో పండ్లు తోముకొన్నవాని ఆరోగ్యమును సాక్ష్యముగా చూపి గింజనూనెను పసినోట పోయరాదు. పుల్లలోని చేదు వేరు, గింజలోని సారము వేరు. పట్టించిన బిడ్డ మగతగానున్నచో దిష్టి తీయుచు కూర్చొనక వెంటనే ఆసుపత్రికి చేర్చి, నూనె పట్టిన సంగతి దాచక వైద్యునకు చెప్పవలెను.