నీటిలోని చక్కెరలను గ్రహించే మంచినీటి నత్తలు: వ్యాధుల నియంత్రణకు తోడ్పడే పరిజ్ఞానం

చెరువులు, కుంటలు, కాలువలలో నివసించే నత్తలు నాచును, కుళ్ళిన ఆకులను గీకి తిని జీవిస్తాయన్నది విదితమే. వీటిలో కొన్ని జాతులు నోటితో తినే ఆహారంతో పాటు, నీటిలో కరిగి ఉన్న చక్కెరలను కూడా శరీరపు పైపొర ద్వారా నేరుగా గ్రహించగలవని పరిశోధనలలో వెల్లడైంది.

నీటి మొక్కలు, నాచు కుళ్ళినప్పుడు గ్లూకోజ్, మాల్టోజ్ వంటి చక్కెరలు స్వల్ప పరిమాణంలో నీటిలోకి విడుదలవుతాయి. బ్యాక్టీరియా వీటిని వేగంగా వినియోగించుకుంటుంది. ఈ పోటీని తట్టుకుని నత్తలు కూడా తమ వాటాను పొందుతాయి. బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జె.డి.థామస్, ఆయన సహచరులు 1980వ దశకంలో బయాంఫలేరియా గ్లబ్రాటా అనే నత్తపై ఈ అంశాన్ని అధ్యయనం చేశారు. కణాల పొరలోని వాహక ప్రోటీన్లు చక్కెర అణువులను లోనికి చేరవేస్తాయి. నీటిలో చక్కెర అత్యల్పంగా ఉన్నప్పటికీ ఈ ప్రక్రియ కొనసాగుతుంది. చక్కెర అధికమైతే వాహకాలన్నీ నిండిపోయి, గ్రహించే వేగం ఒక స్థాయి వద్ద నిలిచిపోతుంది.

ఈ నత్త బ్రెజిల్, కరీబియన్ ప్రాంతాలలో మానవులకు సోకే షిస్టోసోమియాసిస్ వ్యాధికి ఆశ్రయమిస్తున్నందున ఈ పరిశోధనకు ప్రాధాన్యం ఏర్పడింది. నత్తల నిర్మూలనకు వాడే నిక్లోసమైడ్ చేపలకు కూడా ప్రాణాంతకమే. చెరువంతటా మందు చల్లడానికి బదులు, నత్తలను ఆకర్షించే చక్కెర వంటి పదార్థాలతో మందును కలిపి, వాటికి మాత్రమే అందేలా చేయవచ్చని థామస్ బృందం ప్రతిపాదించింది. అయితే ఈ విధానం ఇంకా విస్తృత వినియోగంలోకి రాలేదు.

తెలుగు రాష్ట్రాల పశుపోషకులకు కూడా నత్తల నియంత్రణ ముఖ్యమైన అంశమే. ఇండోప్లానార్బిస్ జాతి నత్త ద్వారా పశువులకు ముక్కు గురక వ్యాధి, లిమ్నియా జాతి నత్తల ద్వారా కాలేయపు జలగ వ్యాధి సంక్రమిస్తాయి. గురక వ్యాధి క్రిములు నీటిలో దిగిన పశువుల చర్మం గుండా ప్రవేశిస్తాయి. కాలేయపు జలగ పిల్లదశలు నీటి అంచున ఉన్న గడ్డిని అంటిపెట్టుకుని, మేతతో పాటు లోనికి చేరతాయి.

కనుక నత్తలున్న కుంటలలోకి పశువులను దింపకుండా తొట్లలో నీరు పెట్టడం, చెరువు గట్ల అంచున మేపకపోవడం, కుళ్ళే కలుపును, నాచును ఎప్పటికప్పుడు తొలగించడం శ్రేయస్కరం. కలుపు తొలగింపు వలన నత్తలకు గీకి తినే ఆహారంతో పాటు, నీటిలో కరిగి అందే ఆహారం కూడా తగ్గుతుంది. బాతులు నత్తలను తింటాయి కాబట్టి వాటి పెంపకం కూడా ఉపకరిస్తుంది.