గాజు చెరువుకు సద్దులేని అలుగు

మలయ్ భాషలో 'పాయా' అనగా చిత్తడినేల, 'లేబర్' అనగా విశాలమైనది. సింగపూరులోని పాయా లేబర్ ప్రాంతానికి ఆ పేరు ఊరకే రాలేదు. 1955లో ఆ పేరుతోనే ఒక విమానాశ్రయం వెలసింది. 1981లో పౌర విమానాలు చాంగీకి తరలిపోయాయి. వైమానిక స్థావరం మాత్రం మిగిలింది. 1989లో ఎం.ఆర్.టి. స్టేషను, 2010లో వలయ మార్గపు కూడలి ఏర్పడ్డాయి. నేలమీది చిత్తడి ఏనాడో కనుమరుగైనా, నీటిపై మనిషికి గల మక్కువ మాత్రం లిఫ్టు ఎక్కి పదవ అంతస్తు, పదిహేనవ అంతస్తు చేరింది. అలంకార మత్స్యాల ఎగుమతిలో సింగపూరుకు ప్రపంచఖ్యాతి ఉన్నది. కనుక రంగురంగుల చేపలు ఇక్కడ సులభంగా లభిస్తాయి. హెచ్.డి.బి. గృహంలో కాపురముండే తెలుగు కుటుంబం పిల్లల ముచ్చట కోసం రెండడుగుల తొట్టితో ప్రారంభించి, కొద్ది కాలానికే నాలుగడుగుల తొట్టికి ఎదగడం విడ్డూరమేమీ కాదు.

చిక్కు అక్కడే మొదలవుతుంది. పెద్ద తొట్టికి అంచున తగిలించే చిన్న ఫిల్టరు చాలదు. అడుగున బీరువా వంటి పీటలో మరొక తొట్టి అమర్చి, పైనుండి పొర్లిన నీరు అందులోకి దిగి, వడపోత జరిగిన పిదప పంపు ద్వారా తిరిగి పైకి చేరేటట్లు ఏర్పాటు చేయవలసి ఉంటుంది. ఆంధ్రదేశపు ఇళ్ళలో నేలక్రింది నీటితొట్టిని 'సంపు' అన్నట్లే, ఈ క్రింది తొట్టినీ అభిరుచిపరులు 'సంపు' అనే వ్యవహరిస్తారు. పగటివేళ దీని సవ్వడి ఎవరికీ పట్టదు. రాత్రి పదకొండు గంటలకు దీపాలు ఆర్పగానే, గోడ అవతల ఎవరో కూజా ఎత్తి గటగటా త్రాగుతున్నట్లు శబ్దం వినవస్తుంది. ఒక క్షణం ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. ఎడతెరిపి లేని హోరుకు చెవి అలవాటు పడుతుంది. ఆగి ఆగి వచ్చే గుటకలకు అలవాటు పడదు. విమానాల మోతలో నిద్రపోగలిగిన పసిపిల్లలు సైతం దీనికి ఉలిక్కిపడి లేస్తారు.

ఈ గుటకకు మూలకారణాన్ని మన పెద్దలు ఒక ఆటవస్తువులో ఏనాడో బంధించి ఉంచారు. అదే వాసుదేవ పాత్ర. గిన్నె నడుమ వసుదేవుని బొమ్మ, అతని శిరస్సుపై బాలకృష్ణుడు. నీరు పోసేకొద్దీ యమున పొంగినట్లు మట్టం పెరుగుతుంది. కృష్ణుని పాదం తడిసిన మరుక్షణం గిన్నెలోని నీరంతా అడుగునుండి కారిపోతుంది. బొమ్మ లోపల వంపు తిరిగిన గొట్టం దాగి ఉండడమే ఇందులోని రహస్యం. వంపు పూర్తిగా నీటితో నిండేవరకు ప్రవాహం ఉండదు. నిండిన పిదప గొట్టం సైఫనై, తన నోటి మట్టం వరకు నీటిని లాగివేస్తుంది. చివరన గాలి చొరబడి 'గుడగుడ' మని సైఫను తెగిపోతుంది. ఈ పాత్రపై సన్నని ధార విడిచిపెట్టితే, నిండడం, ఖాళీ కావడం, గుడగుడ మనడం చక్రంలా సాగుతూనే ఉంటుంది. తొట్టినుండి నీరు దిగే గొట్టంలో జరిగేదీ అదే. గొట్టం సగం నీరు, సగం గాలితో పనిచేస్తుంది. నీరు సుడి తిరిగి గాలిని మ్రింగుతుంది; ఒక్కొక్కప్పుడు గొట్టం నిండి సైఫనుగా మారుతుంది; మట్టం పడిపోగానే గాలి పీల్చి తెగుతుంది. క్రిందికి చేరిన గాలి సంపులో బుడగలై పగిలి రెండవ రకం రొదను కలిగిస్తుంది.

నీటిని తొట్టి అంచుకు చేర్చే గాజుపలకను మన భాషలో చెప్పాలంటే 'అలుగు' అన్నమాట సరిగ్గా సరిపోతుంది. తెలంగాణలో 'మత్తడి' అంటారు. చెరువు ఎంత నిండినా కట్ట తెగకుండా అదనపు నీటిని నెమ్మదిగా సాగనంపడమే అలుగు పని. ఈ విద్యలో తెలుగువారు కొత్తవారు కారు. 1213 నాటి పాలంపేట దేవాలయం ప్రక్కనున్న రామప్ప చెరువు కాకతీయుల కాలపు తటాక నిర్మాణానికి సాక్షి. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ళ చెరువుకు సంబంధించిన 1369 నాటి శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండరాని ఆరు దోషాలను పేర్కొన్నది. కట్టనుండి నీరు ఊరడం ఆ దోషాలలో ఒకటి. పదవ అంతస్తులో తొట్టి పెట్టుకున్న గృహస్థు ఆ ఒక్క దోషాన్నయినా కంఠస్థం చేయడం మేలు.

అలుగు ఎంత పొడవు ఉండాలన్నది తొలి ప్రశ్న. 1855లో ప్రచురితమైన జేమ్స్ ఫ్రాన్సిస్ ప్రయోగాలనుండి వచ్చిన సూత్రం నేటికీ ఇంజనీర్లకు ఆధారం. దాని ప్రకారం గంటకు 1200 లీటర్ల ప్రవాహం 30 సెంటీమీటర్ల అలుగుపై ఇంచుమించు 7 మిల్లీమీటర్ల మందాన పారుతుంది. అలుగును 10 సెంటీమీటర్లకు కుదిస్తే ఆ మందం 15 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. పొర పలుచనైతే సవ్వడి తగ్గుతుంది; ఉపరితలంపై తేలే జిడ్డు కూడా చక్కగా కొట్టుకుపోతుంది. చేపలు జారిపోకుండా దువ్వెన పళ్ళవంటి పలకను అమర్చేవారు, పళ్ళు ఆక్రమించిన మేర అలుగు పొడవు తగ్గిపోయినట్లే లెక్కించుకోవాలి.

ఇక అసలు విషయం గొట్టాలది. సంపు పద్ధతికి 1980లలో ప్రచారం లభించింది. 1986లో జార్జ్ స్మిట్ అమెరికన్ పత్రికలో ప్రచురించిన వ్యాసాలు అందుకు బాగా దోహదం చేశాయి. రొదకు విరుగుడు మాత్రం ఆలస్యంగా లభించింది. 1990ల చివరలో రిచర్డ్ డర్సో పేరుమీద ప్రచారంలోకి వచ్చిన గొట్టం నోటిని క్రిందికి వంచి నీటిలో ముంచి, పైన గాలికి చిన్న రంధ్రం విడిచింది. సుడి పోయింది, గుటక తగ్గింది. అయినా గొట్టంలో గాలి, నీరు కలిసే ప్రయాణిస్తాయి కాబట్టి పూర్తి నిశ్శబ్దం దక్కలేదు. ప్రవాహం పెంచిన కొద్దీ డర్సో గొట్టం మొండికేస్తుంది.

పూర్తి నిశ్శబ్దానికి మార్గం ఒక్కటే: గొట్టంలోకి గాలి బొత్తిగా రాకూడదు. అనగా గొట్టం ఎల్లవేళలా నిండు సైఫనుగా ఉండాలి. ఇది పెద్ద ఎత్తున కూడా జరిగిన పని. కర్ణాటకలోని మార్కోనహళ్ళి జలాశయంలో నీటిమట్టం నిర్ణీత స్థాయి దాటగానే తమంతట తామే పనిచేసే సైఫన్లు ఉన్నాయి. ఇంటి తొట్టిలో లెక్క ఇలా ఉంటుంది. తొట్టి మట్టానికి, సంపు మట్టానికి నడుమ 75 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నదనుకుందాం. ఏ అడ్డూ లేకుంటే నీటి వేగం సెకనుకు 3.8 మీటర్లు. వంపులవద్ద, గోడలవద్ద నష్టాలు తీసివేస్తే 25 మిల్లీమీటర్ల గొట్టంలో గంటకు సుమారు 2800 లీటర్లు దిగుతాయి. పంపు ఇచ్చేది 1200 మాత్రమే. కనుక గొట్టానికి వాల్వు బిగించి, దిగే నీటిని వచ్చే నీటికి సరిపోల్చాలి.

సరిపోల్చడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. సైఫను ప్రవాహం ఎత్తుయొక్క వర్గమూలాన్ని అనుసరిస్తుంది. అలుగు వెనుకనున్న పెట్టెలో మట్టం ఒక సెంటీమీటరు పెరిగితే 75 సెంటీమీటర్ల ఎత్తు 76 అవుతుంది. ప్రవాహం పెరిగేది వందకు 0.7 వంతు కూడా లేదు, అనగా గంటకు 8 లీటర్లు. పంపులో వెంట్రుకవాసి మార్పు వచ్చినా, వాల్వులో పాచి తునక చిక్కినా, ఆ తేడా గంటకు 60 లీటర్లయితే మట్టం 7, 8 సెంటీమీటర్లు పెరగాలి. చిన్న పెట్టెలో అంత చోటు ఎక్కడిది? అతి నిశ్శబ్దమైన ఏర్పాటే అతి ప్రమాదకరమైన ఏర్పాటు కూడా అయి కూర్చోవడం ఇందలి విచిత్రం. ఒకే గొట్టంతో నిండు సైఫను నడిపేవారు నిద్రకోసం నేలను పణం పెడుతున్నారనే చెప్పాలి.

'హెర్బీ' అని పిలిచే పద్ధతిలో రెండవ గొట్టం ఆపద్ధర్మంగా ఉంటుంది. 2000 తరువాతి దశాబ్దంలో వాడుకలోకి వచ్చిన 'బీన్ యానిమల్' పద్ధతిలో గొట్టాలు మూడు. మొదటిది వాల్వుతో కూడిన నిండు సైఫను. నీటిలో సింహభాగం దీనిదే. రెండవది కొద్ది ఎత్తున నోరు క్రిందికి వంచిన గొట్టం. సైఫను మోయలేని కొసరు నీరు దీని గోడవెంబడి సన్నని ధారగా సద్దుచేయకుండా జారుతుంది. పై చెప్పిన గంటకు 8 లీటర్ల సూక్ష్మ తూకాన్ని ఇదే సర్దుతుంది. దీని శిరస్సుకు బిగించిన సన్నని గాలిగొట్టపు కొన పెట్టెలో మరికొంత ఎత్తున నిలుస్తుంది. మొదటి గొట్టం మూసుకుపోయి మట్టం పెరిగితే ఆ కొన మునుగుతుంది, గాలి అందదు, రెండవ గొట్టమే నిండు సైఫనుగా మారి మొత్తం భారం తలకెత్తుకుంటుంది. మూడవది అన్నింటికంటె ఎత్తుగా, ఎప్పుడూ పొడిగా ఉండే గొట్టం. అందులో నీరు పడిందంటే పెద్ద చప్పుడవుతుంది. ఆ చప్పుడును అణచే ప్రయత్నం చేయరాదు. అది ఇంటివారిని లేపడానికే ఉన్నది. దానికి వాల్వు పెట్టడం శుద్ధ అవివేకం.

గేటు వాల్వు, బాల్ వాల్వులలో మొదటిదాన్నే ఎన్నుకోవాలి. బాల్ వాల్వు పావు మలుపుతో మూసుకుంటుంది కాబట్టి సూక్ష్మమైన సర్దుబాటు కుదరదు. సైఫను గొట్టపు క్రింది కొన సంపు నీటిలో రెండు మూడు సెంటీమీటర్లకు మించి మునగకూడదు. లోతుగా మునిగితే ప్రారంభంలో గొట్టంలోని గాలి బయటపడలేక సైఫను అందుకోదు. గాజుకు రంధ్రం చేయించేటప్పుడు అది టెంపర్డ్ గాజు కాదని ముందే నిర్ధారించుకోవాలి. టెంపర్డ్ గాజు రంపం తగిలిన వెంటనే ముక్కలవుతుంది. రంధ్రం చేయడానికి వెనుకాడి, అంచున తగిలించే వంపుగొట్టపు పెట్టెలను కొనేవారున్నారు. ఆ వంపులో బుడగలు చేరి ఒకనాడు సైఫను తెగితే, పంపు ఆగదు, నీరు దిగదు. వాటిని నమ్మడం కంటె చిన్న తొట్టితో సరిపెట్టుకోవడం ఉత్తమం.

వరద రెండు దిక్కులనుండి రావచ్చు. కరెంటు పోయినప్పుడు పైనీరు క్రిందికి దిగుతుంది. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు గల తొట్టిలో అలుగు పైనున్న 7 మిల్లీమీటర్ల పొర దాదాపు 4 లీటర్లు. అయితే పంపునుండి వచ్చే గొట్టపు కొన నీటిలో 5 సెంటీమీటర్లు మునిగి ఉంటే, అదే ఎదురు సైఫనై మొత్తం 27 లీటర్లను క్రిందికి లాగుతుంది. కొనను ఉపరితలానికి ఆనుకొని ఉంచాలి, లేదా నీటిమట్టానికి సరిగా దిగువన ఒక సన్నని రంధ్రం చేయాలి. ఎదురు ప్రవాహాన్ని ఆపే చెక్ వాల్వులో ఒక నత్త చిక్కినా అది మూసుకోదు. కనుక సంపులో 30 లీటర్లకు పైగా ఖాళీ ఉంచడమే నమ్మదగిన మార్గం. రెండవ వరద గొట్టాలు మూడూ మూసుకుపోయినప్పటిది. అప్పుడు పంపు తన గదిలోని నీటినంతా పైకి తోడుతుంది. అలుగుపై 4 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే తొట్టి భరించగలిగేది సుమారు 21 లీటర్లు. పంపు గదిలో అంతకుమించి నీరు లేకుండా అడ్డుపలకను కట్టినట్లయితే, ఏ గొట్టం పనిచేయకపోయినా నేలపై చుక్క పడదు. పంపు గాలి పీల్చి అరుస్తుంది, అంతే. ఈ ఒక్క కొలత పాటిస్తే క్రింది ఇంటివారి పైకప్పు క్షేమం.

నీరు, గాజు, ఇసుక, సంపు, పీట కలిపి ఇటువంటి తొట్టి బరువు 400 కిలోలు దాటుతుంది. గది నడుమ కాక దూలానికి సమీపంగా గోడవార నిలపాలి. ఆపై భవన నిబంధనలను విచారించుకోవాలి. సింగపూరు కుళాయి నీటిలో క్లోరమైన్ ఉంటుంది. అది ఒక రాత్రి నిలువ ఉంచినంత మాత్రాన పోదు కనుక, సంపులో తగ్గిన నీరు భర్తీ చేసేటప్పుడు తగిన మందు కలపడం మరువరాదు.

వాల్వు సర్దుబాటుకు ఒక సాయంకాలం కేటాయించాలి. పంపు నడుస్తుండగా గేటు వాల్వును కొద్దికొద్దిగా మూస్తూ, ప్రతి మలుపుకు ఐదు నిమిషాలు ఆగి, రెండవ గొట్టంలో సన్నని ధార కనిపించేవరకు కొనసాగించాలి. పిమ్మట రెండు పరీక్షలు తప్పవు. ప్లగ్గు తీసి సంపు పొర్లుతుందేమో చూడడం ఒకటి. మొదటి గొట్టం నోటిని అరచేతితో మూసి రెండవది భారం అందుకుంటుందో లేదో చూడడం మరొకటి. ఈ పరీక్షలను పిల్లల ముందు చేస్తే, సైఫను పాఠం పుస్తకంలో కంటె బాగా ఒంటబడుతుంది.

డిసెంబరు సెలవులలో నెలరోజులు విజయవాడకో విశాఖపట్నానికో ప్రయాణమయ్యే కుటుంబాలు ఈ రెండు పరీక్షలను బయలుదేరే వారం ముందే మరొకసారి జరపాలి. బయలుదేరే ఉదయం వాల్వును తాకరాదు. తాళంచెవి తీసుకునే పొరుగువారికి రెండే మాటలు చెబితే చాలు: సంపుపై గీసిన గీత వరకు మందు కలిపిన నీరు పోయాలి, తొట్టినుండి నీరు పడే చప్పుడు వినిపిస్తే మొదట పంపు ప్లగ్గు తీసి, తరువాత ఫోను చేయాలి. వాడకుండా వదిలిన పాత తొట్టి ఏదైనా వరండాలో ఉంటే, ఏడిస్ దోమలు గుడ్లు పెట్టకుండా దానిని బోర్లించి వెళ్ళాలి.