ఎగురుట నేర్పిన విమానము

యుద్ధవిమానముల పేర్లు మీలో పలువురకు కంఠస్థములే. వానిని నడపు వీరుడు మొదట ఏ విమానముపై ఎగురుట నేర్చెనో అడిగినచో మాత్రము సమాధానము తోచదు. ఓనమాలు దిద్దించిన పంతులును మరచుట లోకరీతి గదా!

రెండవ ప్రపంచయుద్ధ కాలమున హైదరాబాదు చెంతనున్న బేగంపేటలో మన యువకులు విమానము నడుపుట నేర్చిరి. వారికి దొరికినది ఇంగ్లండులో రూపొందిన టైగర్ మాత్. దాని రెక్కలకు గుడ్డ కప్పుడు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప కూడ శిక్షణ పరదేశపు నమూనాలపైననే సాగెను.

ఈ లోపమును తీర్చినది బెంగుళూరు. అచట 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వ సహాయముతో స్థాపించిన విమాన కర్మాగారములో డాక్టరు వి.ఎం. ఘాటగే అను శాస్త్రజ్ఞుడు హెచ్.టి. 2 అను విమానమునకు రూపకల్పన చేసెను. ఈయన జర్మనీలో ప్రాండ్టల్ మహాశయుని శిష్యుడు. 1951 ఆగస్టులో కెప్టెన్ జంషెడ్ మున్షీ దానిని తొలిసారి ఎగురవేసెను. ఇంజను మాత్రము ఇంగ్లండుదే. ఆ సంగతి దాచనక్కరలేదు.

ఇది పూర్తిగా లోహనిర్మితము. రెక్కల కొననుండి కొనకు సుమారు 10.7 మీటర్లు, నిడివి 7.5 మీటర్లు, ఇంజను శక్తి 155 అశ్వశక్తులు. మేళ్లచెరువు నుండి హైదరాబాదునకు ఎగురవలెనన్న రమారమి గంట పట్టును. అందు గురుశిష్యులు ఒకరి వెనుక నొకరు కూర్చుందురు. ఇరువురి యెదుట నడుపు కఱ్ఱలు, కాలి పెడళ్లు ఉండును. అవి ఒకదానితో నొకటి కలుపబడియుండుటచే శిష్యుడు కఱ్ఱను కదపగానే గురువు చేతిలోని కఱ్ఱయు కదలును.

ఇంతటి ఏర్పాటు ఏల? విమానపు ముక్కును మితిమీరి పైకెత్తినచో రెక్కపై గాలి సజావుగా పారక చెదరిపోవును. రెక్కను పైకి మోయు బలము హఠాత్తుగా తగ్గును. అట్టి తరి ఒక రెక్క ముందుగా ఒరిగెనా, విమానము బొంగరమువలె తిరుగుచు దిగజారును. భయమున కఱ్ఱను వెనుకకు లాగుట మానవసహజము. ప్రాణము తీయునది అదియే! తిరుగుడునకు ఎదురు దిక్కు పెడలును త్రొక్కి, కఱ్ఱను ముందునకు త్రోయవలెను. నేల మీదికి వచ్చుచుండగా ముక్కును ఆ నేలవైపే వంచుట ఎంత కఠినము! పుస్తకము చదివి ఈ ధైర్యమును పొందలేము. అందుచే గురువు చాల ఎత్తునకు కొనిపోయి, తానే విమానమును గిరగిర త్రిప్పి, శిష్యునిచే సరిదిద్దించును. ఆ పిమ్మట ఒకనాడు విమానము దిగి, వానిని ఒంటరిగా పంపి, నేలపై నిలిచి చూచుచుండును. ఆ నిమిషములలో ఎవరి గుండె ఎక్కువగా కొట్టుకొనునో చెప్పజాలము.

ఇట్టి విమానములు దాదాపు 170 తయారైనవి. ఆఫ్రికాలో క్రొత్తగా స్వతంత్రమైన ఘనా దేశము 1959లో తన వైమానిక దళమును నెలకొల్పుకొన్నపుడు ఈ హెచ్.టి. 2లనే కొనెను. పూర్వము హైదరాబాదు సంస్థానములోనిదైన బీదరులో 1963లో వెలసిన శిక్షణాలయమునను ఇవి పనిచేసెను. 1980వ దశాబ్దము ముగియునప్పటికి ఇవి సెలవు తీసికొనగా, దీపక్ అను విమానము ఆ చోటికి వచ్చెను. 2009 జూలైలో దుండిగల్ అకాడమీకి చెందిన దీపక్ ఒకటి కూలి ఇద్దరు శిక్షకులు మరణించిరి. అంతట ఆ విమానముల నన్నింటిని నిలిపివేసి, 2013 నుండి స్విట్జర్లాండు విమానములపై శిక్షణ నొసగసాగిరి. 2016 మే నెలలో హెచ్.టి.టి. 40 అను స్వదేశీ శిక్షణ విమానము తొలిసారి గాలిలోనికి లేచెను; అదియు బెంగుళూరులోనే.