నూనె తాగే నీలిరాయి

దుకాణాల్లో టర్కాయిస్ అని పిలిచే ఫిరోజా నవరత్నాల్లో ఒకటి కాదు. రాగి, అల్యూమినియం కలిసిన ఫాస్ఫేట్ ఖనిజం అది. ఆకాశనీలం రాగి చలవే. ఇనుము పాలు పెరిగితే ఆకుపచ్చకు తిరుగుతుంది. రాతి బరువులో ఐదో వంతుకు కాస్త తక్కువగా నీరు స్ఫటికంలోనే ఇమిడి ఉంటుంది. ఇరాన్‌లోని నిషాపూర్ రాయి శతాబ్దాలుగా పేరు మోసింది.

కెంపు మీద జిడ్డు తుడిస్తే పోతుంది. ఫిరోజాకు ఒళ్లంతా కంటికి కనపడని రంధ్రాలే. చెమట, అత్తరు, ముఖానికి రాసే క్రీములు లోపలికి దిగి, నీలాన్ని మెల్లగా పచ్చగానో మురికిగానో మార్చేస్తాయి.

నాయకరాజుల కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతంలో ఈ రాయికి గండాలు ఎక్కువే. విరుదునగర్ అసలే నూనె వ్యాపారానికి పేరున్న ఊరు. తలంటు రోజున ఉంగరం తీయకుండానే నువ్వుల నూనె మర్దన చేస్తే, రాయికీ దాన్ని పొదిగిన గూటికీ మధ్య సందులో నూనె చేరి అక్కడే నిలుస్తుంది. ఆపైన సీకాయ రుద్దుడు. పెళ్లి నలుగులో పసుపు సంగతి చెప్పనక్కర్లేదు. విరుదునగర్ నూనె పరోటా తుంచుకు తినే వేళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ఎండ మరో శత్రువు. కాక తగిలిన కొద్దీ రాతిలోని నీరు తగ్గి రంగు వెలిసిపోతుంది. మోస్ కొలతలో ఫిరోజా గట్టితనం 5 నుంచి 6. దుమ్ములోని ఇసుక రేణువుది 7. అందుకే దుమ్ము పట్టిన రాయిని పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే గీతలు పడతాయి.

మెత్తటి గుడ్డను నీళ్లలో ముంచి గట్టిగా పిండి తుడవాలి. జిడ్డు వదలకపోతే ఒక చుక్క తేలికపాటి సబ్బు చాలు. వెంటనే కడిగి ఆరబెట్టాలి. బంగారు నగల్లా కుంకుడు నీళ్లలో మరిగించకూడదు, దుకాణంలోని అల్ట్రాసోనిక్ యంత్రంలో వేయించకూడదు. ఫిరోజాను వెండిలో పొదిగి ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. వెండిని నల్లబరిచేది గంధకం. అగ్గిపెట్టెలు, బాణసంచా తయారయ్యే కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతంలో అది కొత్త సరుకేమీ కాదు. వెండి నలుపు వదిలించే ద్రావణంలో నగను ముంచితే వెండి తెల్లబడుతుంది గానీ రాయి పాడవుతుంది. వెండిని మాత్రమే విడిగా తుడవడం మేలు.

బజారులో దొరికే చాలా రాళ్లకు జిగురులాంటి రెజిన్ ఎక్కించి ఉంటుంది. అవి నూనెకు కాస్త తట్టుకుంటాయి. కొన్ని అసలు ఫిరోజాలే కావు, నీలిరంగు వేసిన హౌలైట్ అనే వేరే రాళ్లు. గోళ్లరంగు తుడిచే ద్రవంలో తడిపిన దూదిని రాయి వెనక వైపు అద్దితే, చవక రంగు చాలాసార్లు దూదికి అంటుకుంటుంది.

ఒకసారి పచ్చబడిన రాయి తనంత తాను నీలానికి తిరిగి రాదు. మరక పైపొరకే పరిమితమైతే సానపట్టి కొంత తీయవచ్చు. నగకు టంకం వేయించాల్సి వస్తే, ముందు రాయిని గూటిలోంచి తీయమని నగ చేసే ఆచారికి చెప్పాలి.