టర్బో ఇంజనులో కనెక్టింగ్ రాడ్ ఎంపిక

ఇంజనుకు టర్బోచార్జర్ అమర్చి శక్తి పెంచేటప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది. తయారీదారు ఇచ్చిన స్టాక్ రాడ్లు సరిపోతాయా, లేక బయట దొరికే ఆఫ్టర్‌మార్కెట్ రాడ్లు కొనాలా? రాడ్ విరిగితే సిలిండర్ బ్లాక్‌ను చీల్చుకొని బయటికి రావచ్చు. అప్పుడు ఇంజను మొత్తం పోయినట్లే. అవసరం లేకుండా మారిస్తే డబ్బు వృథా. అందుచేత రాడ్‌పై పనిచేసే బలాలను లెక్కించి నిర్ణయించాలి.

1. సంపీడన బలం

దహన సమయంలో వాయుపీడనం పిస్టన్‌ను కిందికి నెట్టడం వల్ల రాడ్ ఒత్తిడికి గురవుతుంది. సిలిండర్ వ్యాసం 80 మి.మీ., గరిష్ఠ పీడనం 100 బార్ అనుకుందాం. వైశాల్యాన్ని పీడనంతో గుణిస్తే బలం సుమారు 50 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 5 టన్నుల బరువు. టర్బో పెంచేది ఈ బలాన్నే. హద్దు దాటితే రాడ్ వంగుతుంది.

2. తన్యతా బలం

ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర పిస్టన్‌ను ఆపడానికి పైన తగిన వాయుపీడనం ఉండదు. దాన్ని ఆపి వెనక్కి లాగవలసింది రాడే.

బలం = ద్రవ్యరాశి × క్రాంక్ వ్యాసార్ధం × (కోణీయ వేగం)² × (1 + నిష్పత్తి)

ఇక్కడ నిష్పత్తి అంటే క్రాంక్ వ్యాసార్ధాన్ని రాడ్ పొడవుతో భాగించగా వచ్చే విలువ. పైకీ కిందికీ కదిలే ద్రవ్యరాశి 0.5 కిలో, వ్యాసార్ధం 40 మి.మీ., నిష్పత్తి 0.3 అయితే నిమిషానికి 6000 భ్రమణాల వద్ద బలం సుమారు 10 కిలోన్యూటన్లు. 7500 వద్ద 16. వేగం 25 శాతం పెరిగితే బలం 56 శాతం పెరిగింది! ఈ బలానికి తరచుగా ముందు లొంగేది రాడ్ బోల్టు.

3. నిర్ణయం ఎలా?

“ఈ రాడ్ ఎంత హార్స్‌పవర్ తట్టుకుంటుంది?” అన్న ప్రశ్న అసంపూర్ణం. అదే శక్తిని తక్కువ వేగంలో రాబడితే టార్క్ ఎక్కువ కావాలి. రాడ్‌పై సంపీడన బలమూ పెరుగుతుంది.

అ) బూస్ట్ కొద్దిగా పెంచి, గరిష్ఠ వేగం మార్చకపోతే మంచి స్థితిలో ఉన్న స్టాక్ రాడ్లు చాలాసార్లు సరిపోతాయి.

ఆ) తక్కువ వేగంలోనే అధిక బూస్ట్ ఇస్తే రాడ్ వంగే ప్రమాదం ఉంది. 4340 ఉక్కును ఫోర్జింగ్ చేసిన దృఢమైన రాడ్లు అవసరం కావచ్చు.

ఇ) గరిష్ఠ వేగం పెంచితే ముందుగా బోల్టుల నాణ్యతను, పిస్టన్ బరువును చూడాలి.

రాడ్ మార్చినా నాకింగ్ తగ్గదు. ఇంధనం, ఇగ్నిషన్ టైమింగ్ సరిగా లేకపోతే ఖరీదైన రాడ్ ఉన్నా పిస్టన్లు దెబ్బతింటాయి. కొత్త రాడ్లు బిగించేటప్పుడు వాటి బరువులు సమానంగా ఉన్నాయో లేదో, బేరింగ్ ఖాళీ ఎంత ఉందో కొలవడం మరవకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై ఉదాహరణలో 7000 భ్రమణాల వద్ద తన్యతా బలం ఎంత?
2. బూస్ట్ మాత్రమే పెంచినప్పుడు ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర తన్యతా బలం ఎందుకు దాదాపు మారదు?